లోయిస్ టీచర్ విసుగు

కలకత్తా వాట్‌గంజ్‌లోని తెలుగు బడిలో పాఠం చెప్పే లోయిస్ టీచరుకి విసుగు సైబర్ కేఫ్‌లోనే మొదలవుతుంది. నెట్టు కదలదు, ప్రింటరు కాగితాలు నములుతుంది, మధ్యలో కరెంటు పోతుంది. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "కీ దాదా" అని బెంగాలీలో కేఫ్ యజమానిని కసురుతుంది. అంత అవస్థపడి ఓ వెబ్‌సైట్లోంచి సాధించిన కొత్త ఆట నిన్న పిల్లలకి చెప్పింది: ఇంటినుంచి చెత్త తేవాలి, బడిలో తడీ పొడీ వేరుచేయాలి. ఇవాళ ఒక్కరూ తేలేదు. వాళ్లలో ఓ పిల్ల తల్లి, కార్పొరేషన్‌లో వీధులూడ్చే నరసమ్మ, చీపురుతోనే గుమ్మంలోకి వచ్చింది. "తెల్లారి లెగిసి ఊరి సెత్తంతా మేమే ఎత్తుతున్నాం. బడిలో మా పిల్లకీ అదేనేటి టీచరమ్మా? అచ్చరాలు నేర్పండి," అంది నెమ్మదిగా. లోయిస్ అలవాటుగా కళ్లజోడు పైకి తోసింది. ఈసారి ఎవరిని కసరాలో ఆమెకు తోచలేదు.