అదురు ఆగిన పూట

రైలు తాడేపల్లిగూడెం చేరుతుండగా కిటికీలోంచి ఉడికిన ధాన్యం వాసన వచ్చింది. నాకు తెలియకుండానే చెప్పులు విడిచి అరికాళ్లు నేలకు ఆనించాను. ఎదుటి సీటులోని పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది. ఆవిడకేం చెప్పను? ఈ అలవాటు సత్యానందం గారిది. అగ్నిపర్వతాల అదురును కనిపెట్టే ఉద్యోగంలో నేను నిలబడ్డానంటే, అందులో ఆయన పాదాల వాటా పెద్దదే.

డిగ్రీ అయ్యాక ఏడాదిన్నరపాటు రోజూ ఏలూరు నుంచి వచ్చి ఇక్కడొక ఉప్పుడు బియ్యం మిల్లులో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సత్యానందం గారు అక్కడ బాయిలర్ చూసేవారు. తెల్లజుట్టు, ఖాకీ చొక్కా, ఆదివారం చర్చికి తప్ప చెప్పులెరగని కాళ్లు. మొదటి వారమే నన్ను ఆవిరి గొట్టం పక్కన నిలబెట్టారు.

"చెప్పులు అక్కడ వదిలేసి రండమ్మా. ఏం తెలుస్తోంది?"

"నేల అదురుతోందండీ."

"ఆవిరి తన దారిన పోతున్నంతసేపూ అలా అదురుతానే ఉంటాదండి. పెరిగితే చూసుకోవాలి. ఆగిపోతే..." అని నా మొహం చూసి నవ్వి ఊరుకున్నారు.

మిగతా సగం మాట ఆ వానాకాలంలో తెలిసింది. ఒక మధ్యాహ్నం గొట్టం మోత ఉన్నట్టుండి తగ్గింది. నా బల్ల మీద గ్లాసు గిలగిలలాడటం మానేసింది. "ఇవాళ ప్రాణానికి హాయిగా ఉందండీ" అని పైకే అన్నాను, తెలివితక్కువదాన్ని. అన్నం తింటున్న సత్యానందం గారు ఎంగిలి చేత్తోనే లేచి వచ్చారు. బాయిలర్ కింద ఊక మండుతూనే ఉంది, ఆవిరి మాత్రం కదలడం లేదు. గొట్టంలో ఎక్కడో దారి పూడింది. ఆయన కేకలు వేయలేదు. మంటలో ఊక వేయడం ఆపించి, అందరినీ రోడ్డు మీదకి నడిపించి, గేటు దగ్గర ఒక్కొక్కరినీ వేలితో లెక్కపెట్టారు. పదకొండు మందిమి. పన్నెండో మనిషి, ఊడ్చే మరియమ్మ, పాకలో నిద్రపోతోంది. ఆవిణ్ని లేపి తెచ్చాకే లోపలికి వెళ్లి ఆవిరిని బయటికి వదిలే ఇంకో వాల్వు తిప్పారు. ఆవిరి పెద్ద రొదతో పైకి చిమ్మింది. నేను రోడ్డు మీదే కూలబడి, బతికిపోయామన్న సంతోషంతో ఏడ్చాను.

తర్వాత భూకంప శాస్త్రం చదివాను. ఒక దీవిలోని అగ్నిపర్వతం కింద కరిగిన రాయీ వాయువులూ కదులుతుంటే అదురు పుడుతుంది. దాని గీతను తెర మీద చూడటం నా పని. అదురు పెరిగిన ప్రతిసారీ కొండ పేలదు. తగ్గితే గండం గడిచినట్టూ కాదు. నిజంగా చల్లారి ఉండవచ్చు, దారి మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరుగుతూనూ ఉండవచ్చు. ఒక్క గీత చూసి ఏదీ తేల్చలేం.

రెండుసార్లు అదురు తగ్గిందని భయపడి, దీవికి మా వాళ్లను తీసుకెళ్లిన పడవను వెనక్కి పిలిపించాను. ఏమీ జరగలేదు. "నీ పిరికితనానికి డీజిల్ చాలడం లేదమ్మా" అన్నారు మా ఆఫీసరు. మూడోసారి, నాలుగు రోజులుగా సాగుతున్న అదురు ఒక ఉదయం ఒక్కసారిగా పడిపోయింది. పరికరాల బ్యాటరీలు మార్చడానికి ఆరుగురు దీవి మీద ఉన్నారు. గదిలో అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం మిల్లులో గిలగిలలాడటం మానేసిన గ్లాసు గుర్తొచ్చింది. సిగ్గు పక్కనపెట్టి వైర్‌లెస్ అందుకున్నాను.

"అందరూ పడవెక్కండి. ఎక్కాక లెక్కపెట్టి చెప్పండి."

"ఐదుగురం ఎక్కామండీ."

"ఆరో మనిషి ఏడండీ?"

పరికరం పెట్టెకు మూత బిగిస్తున్నాడట. అతన్ని లాక్కొచ్చారు. పడవ దూరం జరిగిన కాసేపటికే కొండ బూడిద కక్కింది. ఆఫీసరు తన టీ కప్పు తెచ్చి నా ముందు పెట్టారు.

ఆ సాయంత్రమే సత్యానందం గారికి ఫోన్ చేశాను. పని మానేసి కొల్లేరు ఒడ్డున కూతురింట్లో ఉంటున్నారు. జరిగింది చెబితే, బూడిద ఎంత ఎత్తున ఎగిసిందని ఆయన అడగలేదు.

"ఎంతమందండీ?"

"ఆరుగురండీ."

"ఆరుగురూ వచ్చారా?"

"వచ్చారండీ."

"అయితే ఇంక అన్నం తినండమ్మా."

పొద్దుటినుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఈనాటికీ దీవికి పడవ వెళ్లిన రోజున, వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చారన్న అంకె చెవిన పడ్డాకే నా క్యారియర్ మూత తీస్తాను.