కార్బన్ బూట్లూ, కంగారు బావా

మా బావ ముందు భయపడతాడు, దేనికన్నది తర్వాత కనుక్కుంటాడు. ఫోను మోగితే "అయ్యయ్యో, ఎవరికేమైంది?" అంటాడు. మోగకపోతే "పొద్దున్నించీ ఎవరూ చెయ్యలేదు, ఏదో దాస్తున్నారు" అంటాడు. మా అక్క ఆయన్ని కట్టుకున్న కొత్తలో భయపడింది. తర్వాత ఆ పని కూడా ఆయనకే వదిలేసింది.

వృత్తి పళ్ళ డాక్టరు. అలవాటు పరుగు. ఇంత పిరికి మనిషికి కొండల మీద పరుగేమిటని అందరూ అడుగుతారు. పరుగెత్తకపోతే గుండె ఆగిపోతుందని ఒక భయం, పరుగెత్తితే ఆగిపోతుందేమోనని ఇంకో భయం. రెండోది కాస్త చిన్నది కనక ఆదివారం ఆదివారం మాతోపాటు పరుగెత్తుతాడు.

అలాంటి మనిషి చేతిలో బూట్ల కొట్టాయన ఒకరోజు కొత్త జత పెట్టాడు. కొండదారుల్లో పరుగుకోసం తయారైనవి. అరికాలి కింద మందపాటి నురుగు, ఆ నురుగు మధ్యలో గట్టి కార్బన్ పలక. మా పరుగు బృందానికి తలా ఒక జత ఇచ్చి, "ఆదివారం కొండెక్కి దిగి, ఎలా ఉన్నాయో చెప్పండి చాలు" అన్నాడు.

"ఈ పలక ఏం చేస్తుంది?" అన్నాడు బావ.

"అడుగు వేస్తే విల్లులా వంగి మిమ్మల్ని ముందుకు నెడుతుందండీ."

"నెట్టాక పట్టుకునేదెవరు?"

కొట్టాయన నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను.

మర్నాడు నేను క్లినిక్‌కి వెళ్ళేసరికి బావ ఎడమ బూటుకు ఎక్స్‌రే తీస్తున్నాడు. కుడి బూటు మీద, పాపం దానికేమీ కాకుండా, సీసపు ఆప్రాన్ కప్పి ఉంది. పళ్ళ ఫిలిం మరీ చిన్నది కాబట్టి బూటును ముక్కలు ముక్కలుగా తీసి వరసగా దీపం ముందు అంటించాడు. బుగ్గ వాచిపోయి కూర్చున్న ఒకాయన వాటిని చూసి, "డాక్టరుగారూ, నా పన్ను అంత పెరిగిందా?" అని లేచి నిలబడ్డాడు. ఆయన్ని మళ్ళీ కూర్చోబెట్టడానికి నర్సుకు చాలాసేపు పట్టింది.

బావ మాత్రం ఫోనులో అరుస్తున్నాడు. "ఏవండీ, ఇందులో పలక లేదు! ఎక్స్‌రేలో కనపడటం లేదు!"

"కార్బన్ ఎక్స్‌రేలో సరిగా కనపడదండీ" అంది అవతలినించి కొట్టాయన గొంతు.

"కనపడనిదాన్ని కాలి కింద పెట్టుకుని కొండ దిగమంటారా?"

మొత్తానికి ఆదివారం వచ్చింది. రాత్రంతా వాన కురిసి వెలిసింది. కొండ కింద మా బృందంలోని లెక్కల మాస్టారూ, నేనూ, బావా నిలబడి ఉండగా డ్రైవరమ్మ వచ్చింది. ఆమె టౌను బస్సు నడుపుతుంది. కిందటి వానల్లో ఇదే కొండ దిగుతూ పడి చీలమండ విరగ్గొట్టుకుంది. కట్టు విప్పారు, మళ్ళీ బస్సెక్కింది. కొండెక్కడం మాత్రం ఆ తర్వాత ఇదే మొదలు. పళ్ళు బిగించి, కట్టిన లేసులే విప్పి మళ్ళీ కడుతోంది. మేమెవరమూ పలకరించలేదు. పలకరిస్తే వెనక్కి వెళ్ళిపోతుందేమోనని మా భయం.

బావ వెళ్ళి ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

"అమ్మా, నేను పడితే మీరు ఆగుతారా?"

"ఆగుతాను డాక్టరుగారూ."

"నన్ను దాటి వెళ్ళిపోరు కదా?"

"చెయ్యెత్తిన మనిషిని వదిలి ఎప్పుడూ వెళ్ళలేదండీ."

"స్టాపు లేని చోట పడితే?"

ఆమె నవ్వేసింది. నాకు ఒళ్ళు మండింది. అసలే భయపడుతున్న మనిషి దగ్గరా ఈయన గోల!

ఎక్కేటప్పుడు ఆ బూట్లు అద్భుతంగా ఉన్నాయి. ఉన్న మాట చెప్పుకోవాలి. మట్టిదారి మీద కాలు ఆనీ ఆనకముందే లేస్తోంది. "వెనకనించి ఎవరో తోస్తున్నట్టుందయ్యా!" అని అరుస్తూ మాస్టారు మలుపు తిరిగి మాయమయ్యాడు. "కొత్త బస్సు స్టీరింగులా ఉంది. మనం అనుకునేలోపే తిరిగిపోతోంది" అంది డ్రైవరమ్మ. "నా బూటు నా మాట వినడం లేదు. నేను ఆగుదామంటే అది పోదామంటోంది" అన్నాడు బావ, వెనకనించి.

అసలు కథ దిగేటప్పుడు మొదలైంది. ఒకచోట దారికి అడ్డంగా ఏటవాలు బండ ఉంది. వానకు నున్నగా తడిసి మెరుస్తోంది. పాత బూట్లయితే అరికాలు బండను చేత్తో పట్టుకున్నట్టు పట్టుకునేది. ఈ పలక వంగదు. పైగా నురుగు ఎత్తు. బండ మీద పీట వేసుకుని, ఆ పీట మీద నిలబడినట్టుంది. మాస్టారు అప్పటికే కిందికి దిగిపోయాడు. నేను ఒక్కో అడుగూ తడుముకుంటున్నాను. ముందున్న డ్రైవరమ్మ పాదం పక్కకు ఒరిగింది. అంతే, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే బండ అంచుదాకా జారిపోయింది.

ఒక కాలు బండ నెర్రెలో ఇరుక్కుంది. రెండు చేతులతో ఏదో పొద మొదలు పట్టుకుంది. కింద రాళ్ళ గుంట. ఆమె అరవలేదు. నేను ఉన్నచోటే బండను కరుచుకుని కూర్చుండిపోయాను. వెనకనించి బావ "అయ్యయ్యో" కోసం నా చెవులు వాటంతటవే ఎదురుచూశాయి.

అది రాలేదు.

బావ నన్ను దాటుకుని, బండ మీద కూర్చుని, పక్కనించి జరుగుతూ ఆమె కిందివైపుకు చేరాడు. అంచున పొడుచుకొచ్చిన ఒక రాయికి కాళ్ళు తన్నిపెట్టాడు.

"నా మొహం చూడండి. కిందికి కాదు. నన్నే చూడండి. ఆ రెండో కాలు నా భుజం మీద పెట్టండి."

"బురదండీ…"

"పెట్టండి."

ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. నాతో, "ఒరేయ్, పైనించి ఆమె మణికట్టు పట్టుకో. లాగకు. పట్టుకో, అంతే" అన్నాడు. పట్టుకున్నాను. ఆయన ఇరుక్కున్న బూటు లేసులు విప్పి, పన్ను తీసినంత నేర్పుగా పాదాన్ని బయటికి తీశాడు. తర్వాత బూటును ఊపి ఊపి లాగాడు. మేమిద్దరం ఆమెను మట్టి నేల మీదికి చేర్చాం. చీలమండ చుట్టూ వేళ్ళతో మెల్లగా నొక్కి చూశాడు. "ఇక్కడ నొప్పా? ఇక్కడ? లేదు కదా. లేచి దీని మీద బరువు వెయ్యండి. ఆఁ. ఏమీ కాలేదు."

ఏమీ కాలేదని తెలిశాక ఆమెకు వణుకు మొదలైంది. "ఇంక నావల్ల కాదు. ఒక్క అడుగు కూడా వెయ్యలేను" అంటూ మళ్ళీ కూలబడింది.

అప్పుడు వచ్చింది "అయ్యయ్యో!"

"అయ్యయ్యో, నా గుండె! ఒరేయ్, కళ్ళు తిరుగుతున్నాయిరా! అమ్మా, నన్ను ఇక్కడ వదిలేసి వెళ్ళకండి. ఈ దారిలో నేను దిగలేను!"

డ్రైవరమ్మ తల తిప్పి చూసింది. ఆమె వణుకు సగంలో ఆగింది.

"ఊరుకోండి డాక్టరుగారూ. ఏం కాదు. ఊపిరి పీల్చండి."

"పీలుస్తున్నాను, లోపలికి పోవడం లేదు!"

"పోతుంది. లేవండి. నా భుజం మీద చెయ్యి వెయ్యండి. నేను అడుగు వేసిన చోటే మీరూ వెయ్యండి."

అలా ఆమె ముందు, ఆమె భుజం పట్టుకుని బావ, వెనక నేను. "ఇక్కడ రాయి, చూసుకోండి… ఇక్కడ తడి, పక్కనించి రండి" అని దారి పొడుగునా ఆమె ఆయనకు చెబుతూనే ఉంది. ఆయన నోరు వణుకుతూనే ఉంది. నేను వెనకనించి ఆయన చేతిని చూశాను. ఆ చెయ్యి రాయిలా నిలకడగా ఉంది.

కింద కొట్టాయన ఆత్రంగా ఎదురొచ్చాడు. "ఎలా ఉన్నాయండీ?"

"రెక్కలయ్యా, రెక్కలు!" అన్నాడు మాస్టారు.

"ఎక్కేటప్పుడు రెక్కలే" అంది డ్రైవరమ్మ. "తడి బండ మీద దిగేటప్పుడు మాత్రం పాత బూట్లే నయం. డాక్టరుగారైతే హడలిపోయారు. నేనే పట్టుకుని దింపాను."

బావ దీనంగా తలూపాడు.

ఆమె నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. "నాకు జ్ఞానదంతం తీసిన రోజూ ఇంతే. 'నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదమ్మా' అన్నారు. నేను ఆయనకు ధైర్యం చెప్పడం అయ్యేసరికి పన్ను ఊడి పళ్ళెంలో ఉంది. ఇంత పిరికి మనిషి ఈ వృత్తిలో ఎలా నెగ్గుకొస్తున్నారో పాపం. ఇంట్లో కాస్త జాగ్రత్తగా చూసుకోండి." వచ్చే ఆదివారం కూడా వస్తానంది. ఆయన్ని ఒంటరిగా కొండెక్కనివ్వడం మంచిది కాదట.

ఇంటికి వెళ్తూ అడిగాను. "బావా, నిజం చెప్పు. బండ దగ్గర నీకు భయం వెయ్యలేదా?"

"వేసింది. నిజంగా భయం వేసినప్పుడు నాకు 'అయ్యయ్యో' రాదురా. వాగుతున్నానంటే అంతా క్షేమమేనన్నమాట."

"మరి ఇన్నేళ్ళుగా ఈ కంగారంతా…"

"నా క్లినిక్ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి భయం ఉంటుంది, చెప్పుకోవడానికి సిగ్గు. ఎవరో ఒకరు ముందు 'అయ్యో' అంటే వాళ్ళకి ఊరట. నాకేం పోయింది?" అన్నాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. "ఈ సంగతి మీ అక్కకి చెప్పకు."

"ఎందుకని?"

"వంటింట్లోకి బొద్దింక వస్తే, ఆవిడ నా మీద జాలిపడి తనే తోలేస్తోంది. తెలిస్తే చీపురు నా చేతికిస్తుంది." బావ అటూ ఇటూ చూసి మెల్లగా అన్నాడు. "ఆ ఒక్క భయం మాత్రం నిజంరా."