నాయనమ్మ తీగ గులాబీ

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలం కాదు లెండి, ఫోన్లో నాలుగు వీడియోలు చూస్తే లోకంలో రాని విద్యంటూ ఉండదని నమ్మిన రోజుల్లో, డిగ్రీ ముగించి ఉద్యోగం రాక సింగరాయకొండ దగ్గర మా ఊళ్లో గోళ్లు గిల్లుకుంటూ ఉండేవాణ్ణి. ఆ ఏడే నాయనమ్మ పోయింది. ఆమె ప్రహరీ మీదికి పాకించిన తీగ గులాబీ మాత్రం ఏమీ ఎరగనట్టు గుత్తులుగా పూస్తూనే ఉంది. తాతయ్య దాన్నే చూస్తూ అరుగు మీద కూర్చునేవాడు. మాట లేదు, తిండి సరిగా లేదు. ఇంతలో సిమెంటు కాలువ కోసం ప్రహరీ కొట్టేస్తారని కబురొచ్చింది. వేళ్లు గోడ పునాదిలోకి దిగిపోయాయి, పెకలించి వేరేచోట పెట్టే వీలు లేదు.

"కంగారు పడకండి, కొమ్మలు నాటి బతికిస్తాను" అని ఇంటిల్లిపాదికీ అభయమిచ్చాను. (అప్పటిదాకా నేను బతికించింది ఫోన్ బ్యాటరీ ఒక్కదాన్నే.) పెన్సిల్ లావు కొమ్మలు ఏటవాలుగా కోసి, కింది ఆకులు దూసి, కలబంద గుజ్జు రాసి, ఇసుక కలిపిన మట్టి సంచుల్లో గుచ్చి పెరట్లో వేపచెట్టు నీడన పెట్టాను. మర్నాడే పొక్లెయిన్ వచ్చి గోడతో పాటు తీగనూ ఎత్తుకుపోయింది. తాతయ్య లోపలికెళ్లి ముసుగుతన్ని పడుకున్నాడు. ఇక మిగిలినవి నా పుల్లలే.

కొన్నాళ్లకు కణుపుల దగ్గర ఎర్రగా చిగురు పొడుచుకొచ్చింది. తెల్లారి అమ్మకు చూపిద్దామని తీసుకెళ్తే చిగురు లేదు. మళ్లీ వచ్చింది, మళ్లీ మాయం. ముందు కోళ్లను అనుమానించాను, తర్వాత పక్కింటి మేకను. "మా మేక గేటు తీసుకునొచ్చి, చిగుళ్లు మాత్రం ఏరుకు తిని, మళ్లీ గేటేసుకుని పోయిందంటావా?" అని పక్కింటి అత్త వీధంతా వినపడేట్టు అడిగింది. పుల్లలు నల్లబడటం మొదలైంది.

చివరికి ఓ పొద్దున్నే కాపు కాశాను. చేతికర్ర పక్కన పెట్టుకుని సంచుల ముందు గొంతుక్కూర్చున్నాడు తాతయ్య. జీవితమంతా పొగాకు తోటలో పిలకలు తీసిన వేళ్లతో, అంతే ఒడుపుగా, నా చిగుళ్లన్నీ గిల్లి కుప్ప పోస్తున్నాడు.

"ఏంది తాతయ్యా ఇది?"

"పిలకల్రా. వదిలేస్తే బలమంతా అవే లాగేస్తయి. నువ్వు చూసుకోవట్లేదని రోజూ నేనే తీస్తన్నా. మీ నాయనమ్మ చెట్టు గదరా, ఊరుకుంటానా?"

నాయనమ్మ పోయాక ఆయన అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. పొగాకులో పిలక ఉంచితే ఆకు పలచబడుతుంది, నిజమే. గులాబీ పుల్లకు ఆ పిలకే ప్రాణం. ఆ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది గానీ, పసరంటిన ఆ వేళ్లు చూశాక మింగేశాను. "మంచిపని చేశావు తాతయ్యా" అన్నాను. ఆ పూట ఆయన మారు వడ్డించుకున్నాడు.

పుల్లలన్నీ ఎండిపోయాయి. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా (గొడ్ల చావిట్లో, ఎవరూ చూడకుండా). చివరి పుల్ల పీకి చూపిస్తే తాతయ్య అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నీళ్లు చాల్లేదురా. మళ్లీ ఏడు ఇంకో నాలుగు కొమ్మలు పెడదాం. నువ్వు నీళ్లు సరిగ్గా పొయ్యి, పిలకల సంగతి నేను చూసుకుంటా."

ఆ కొమ్మలు ఎక్కణ్ణుంచి తేవాలో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. మళ్లీ ఏటికి ఆయనే లేడు. "అట్టాగే తాతయ్యా, నీళ్లు నేను పోస్తాగా" అని బుద్ధిగా తలూపిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడు ఆడిన తెలివైన మాట బహుశా అదొక్కటే.