ఐదు కిలోలకు ఐదు కిలోలు

ఈ ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు కోడలు కేకు గిన్నెను ఓవెన్‌లో పెట్టి, "నలభై నిమిషాలు అత్తయ్యా, మీరు చూస్తుండండి," అని స్నానానికి వెళ్లింది. ఈ ఇంట్లో గడియారం, కాటా చూసే పనులన్నీ నావే. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఈరోజు మనవరాలి తొమ్మిదో పుట్టినరోజు. జొన్నపిండి రెండు వందల గ్రాములు, బియ్యప్పిండి వంద, బాగా మగ్గిన అరటిపండ్లు రెండు, బెల్లం, గుడ్లు. అన్నీ నేనే తూచి ఇచ్చాను. కోదాడ నుంచి వియ్యపురాలు వచ్చి ముందుగదిలో కూర్చుంది. పాప వెళ్లి ఒళ్లో వాలితే జడ సవరించింది, ముద్దు పెట్టుకుంది. సంచిలోంచి ఒక అరటిపండు తీసి తొక్కతో సహా పాప చేతిలో పెట్టింది. అమ్మమ్మలు పండు ఒలిచి పెడతారు గాని ఇలా ఇవ్వరు. ఆమె ఎందుకలా ఇచ్చిందో నాకు తెలుసు.

మూడున్నరేళ్ల కిందటి మాట. పాపకు అప్పుడు అయిదున్నరేళ్లు. పద్నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. ఏం తిన్నా కడుపు ఉబ్బేది, విరేచనాలు. ఫిబ్రవరిలో పెద్ద దవాఖానలో పరీక్షలు చేసి, గోధుమలో ఉండే గ్లూటెన్ ఈ పిల్ల పేగులకు పడదు, చిటికెడు కూడా తగలొద్దు అన్నారు. ఆ సాయంత్రమే మేము చపాతీ పీట, రవ్వ, సేమియా, బిస్కెట్లు, ఆఖరుకు ఇంగువ డబ్బా కూడా ఇంట్లోంచి పంపించేశాం. ఇంగువలో గోధుమపిండి కలుపుతారని అంతవరకూ నాకు తెలియదు. ఇంట్లో అందరం జొన్నరొట్టెకు మారాం. కోడలు ఫోనులో చూసి కేకులు నేర్చుకుంది. మొదటి మూడూ చాకు ఆనగానే పొడిపొడిగా రాలిపోయాయి. నాలుగోసారి అవిసె గింజల పొడి నానబెట్టి కలిపితే ముక్క నిలబడింది. ఆ ముక్కను నా కొడుకు కింద పడేసి మరీ గట్టిదనం పరీక్షించి భార్యతో చీవాట్లు తిన్నాడు. నేను ప్రతి ఆదివారం పొద్దున పాపను కాటా మీద నిలబెట్టి నోట్‌బుక్‌లో రాసేదాన్ని. వారాలు గడుస్తున్నా ఆ అంకె పైకి కదలలేదు. ఏప్రిల్ చివరి ఆదివారానికి పద్నాలుగు కిలోల వంద గ్రాములు. గౌనులో పిల్ల భుజపుటెముకలు కనిపించేవి.

మే నెలలో పాపను పది రోజులు కోదాడ పంపాం. వియ్యపురాలు మిర్యాలగూడలో ఉండే తమ్ముడితో బియ్యం తెప్పించి, కడిగి, ఆరబోసి, ఇంట్లోనే మిక్సీ పట్టి రోజుకొకటి చేసి పెట్టింది. తిరిగొచ్చిన రోజు తూచాను. మూడు వందల గ్రాములు పెరిగింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. అంకె పక్కన 'గౌను బరువు' అని రాశాను. ఇంటికొచ్చి రెండు రోజులు జొన్నరొట్టె తిన్నదో లేదో మళ్లీ విరేచనాలు పట్టుకున్నాయి. నేను ఇంకేమీ ఆలోచించలేదు. ఫోను తీశాను.

"పిల్లకు ఏం వెట్టినవ్ వదినా? దాసకుండ చెప్పు."

"గోధుమపిండి డబ్బానే ఇంట్లోంచి తీసేశాను వదినా. పిల్ల మీద ఒట్టు."

"పిల్ల మీద ఒట్టు వెట్టుకునుడు గాదు, పిల్లను సూడు ఎట్లున్నదో. ఇగ మీ ఇంటికి పంపేది లేదు."

కోడలు అక్కడే నిలబడి ఉంది. ఆ రోజు రాత్రి అన్నం తినలేదు.

జూన్ రెండో వారంలో జొన్నలు పిండి పట్టించడానికి గిర్నీకి వెళ్లాను. మా సూర్యాపేటలో నలభై ఏళ్లుగా నాకు ఆ గిర్నీయే. అక్కడ నాకొక అలవాటు ఉంది. పట్టడం అయ్యాక పిండి పడే గొట్టానికి కట్టిన గుడ్డను రెండు చేతులతో కొట్టి కొట్టి దులుపుతాను. ఐదు కిలోల జొన్నలు పోస్తే ఐదు కిలోల పిండి వచ్చేదాకా వదలను. అది నాకు గొప్పగా ఉండేది. గిర్నీ ఆయన ఆ రోజు నవ్వాడు.

"టీచరమ్మా, రాయి తినంగ, గాలికి లేవంగ ఎవరికైనా జర తక్కువనే వస్తది. నీకు ఒక్కదానికే ఐదుకు ఐదు. ఎట్లనో ఎరికేనా? ముందటోళ్ల పిండి దులుపుకపోతున్నవ్."

"ముందుగాల ఏం పట్టినవ్?"

"ఇంకేం పడ్తం, గోధుమలే."

సంచి అక్కడే దించి బల్ల మీద కూర్చున్నాను. పిల్లలకు తీసివేతలు నేర్పినదాన్ని, తగ్గాల్సిన అంకె తగ్గలేదంటే ఎక్కడో ఏదో కలిసిందని నాకు తోచనే లేదు. చిటికెడు తగలొద్దని డాక్టరు అంటే, నేను ప్రతిసారీ గుడ్డ దులిపి మరీ తెచ్చి పెట్టాను.

ఇంటికొచ్చి కోడలికి చెప్పాను. మరునాడు పొద్దున బస్సెక్కి కోదాడ వెళ్లి వియ్యపురాలికి చెప్పాను. ఆమె టీ పెట్టి ఇచ్చింది. "పోనీలే వదినా, పిల్ల బాగుపడితే అంతే చాలు," అంది. ఆ వారమే ఇంట్లోకి చిన్న పిండి మిషను కొన్నాం. ఆగస్టు చివరికి పాప పదహారు కిలోలకు వచ్చింది. సెలవులకు కోదాడ పంపుతూనే ఉన్నాం. కాని ఆ అమ్మమ్మ మళ్లీ మిక్సీలో బియ్యం పట్టలేదు. పాప తినేదంతా మా ఇంటి డబ్బాల్లో వెళ్తుంది. ఆమె చేతి నుంచి పాపకు దక్కేది తొక్క తీయని పండు ఒక్కటే.

పది గంటల నలభై ఐదుకు ఓవెన్ ఆపాను. కేకు చక్కగా పొంగింది. చల్లారాక పాప కోసింది. నేను మొదటి ముక్క పళ్లెంలో పెట్టి వియ్యపురాలి ముందుకు తీసుకెళ్లి, "నీ చేత్తోని వెట్టు వదినా," అన్నాను. ఆమె చేయి సగం దాకా లేచింది. కొంగుతో వేళ్లు తుడుచుకుంది, ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని, "మీరే పెట్టండి వదినా, మీకైతే అన్నీ తెలుసు," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది. పాప మా ఇద్దరి మధ్య నోరు తెరిచి నిలబడింది. నేనే పెట్టాను.

పిల్ల ఒంట్లోంచి పోయిన బరువు పదకొండు వారాల్లో తిరిగి వచ్చింది. ఆ ఫోను చేసి ఈ నెలకు మూడేళ్ల నాలుగు నెలలు, ఆమె చేయి ఇంకా సగం దాకానే వచ్చింది.