మూడు దెబ్బలు కొట్టకుండా వచ్చేశాను

ఎవరైనా దయ్యాల సంగతి మొదలుపెడితే నేను లేచి వెళ్ళిపోయే రకం. మా ఆర్మూరు వైపు ఫలానా మలుపులో తెల్లచీర కనపడిందని ఎవరైనా అంటే, ఆ పూట ఎంత తాగావని అడిగేవాణ్ణి. నాది రేకు పని. రేకుకు సొట్ట పడితే దానికో కారణం ఉంటుంది, రేకు మోగితే దానికో కారణం ఉంటుంది. నాకు జరిగినది ఎవరికైనా చెబితే నన్నూ అదే ప్రశ్న అడుగుతారని ఇన్నేళ్ళు నోరు మూసుకున్నాను. అప్పుడు నేను తాగి లేను, జ్వరం కూడా లేదు.

రియాద్‌లోని సులైలో, ఒక వర్షాలో నేను సొట్టలు తీసే డెంటర్‌ని. వర్షా అంటే కార్ల రిపేరు షెడ్డు. నాతోపాటు సాయన్న ఉండేవాడు. కోరుట్ల దగ్గరి మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. నాకు పని నేర్పింది ఆయనే.

డెంటింగ్ సరిగ్గా చేయాలంటే ఇద్దరు కావాలి. ఒకడు రేకు వెనక చెయ్యి పెట్టి డాలీ పట్టుకుంటాడు. డాలీ అంటే గుప్పెట్లో ఇమిడే ఇనుప దిమ్మ. రెండోవాడు బయటినుంచి సుత్తితో కొడతాడు. వెనక డాలీ ఉంటే దెబ్బ ఖంగుమంటుంది. లేకపోతే ఖాళీ డబ్బాను కొట్టినట్టు బోలుగా వినపడుతుంది. నిద్రలో లేపి అడిగినా ఆ తేడా చెప్పగలను. సాయన్న చేతులు పొడుగు కాబట్టి లోపలివైపు ఎప్పుడూ ఆయనే.

కంప్రెషర్ హోరులో మాట వినపడదు. అందుకని మాకు కొన్ని గుర్తులుండేవి. లోపలినుంచి ఆయన రెండుసార్లు తడితే, ఇక్కడ కొట్టు అని. బయటినుంచి నేను గబగబా మూడు కొడితే, ఇక చాలు, చెయ్యి తియ్యమని. ఆ మూడు దెబ్బలూ వినపడేదాకా లోపలివాడు చెయ్యి కదపకూడదు. కదిపితే డాలీ జరిగి, సుత్తి దెబ్బకు రేకు చీరుకుపోతుంది.

ఒకసారి కఫీల్ పిలిచాడని సుత్తి అక్కడే పెట్టి వెళ్ళాను. కఫీల్ అంటే మమ్మల్ని తెచ్చుకున్న యజమాని, మా పాస్‌పోర్టులు ఆయన బీరువాలోనే ఉండేవి. అక్కడ చాయ్ తాగి, ముచ్చట పెట్టి, అరగంట తర్వాత తిరిగి వచ్చాను. సాయన్న ఇంకా వంగి, భుజం దాకా చెయ్యి లోపలే పెట్టుకుని ఉన్నాడు.

"మూడు కొట్టకుంట యాడికి పోయినవ్ తమ్మీ? నువ్వు కొట్టనిది నేను చెయ్యెట్ల దీస్త?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. ఇదేం చాదస్తమని నేను నవ్వాను.

తర్వాత కువైట్ యుద్ధం వచ్చింది. సైరన్లు మోగేవి, మేము కిటికీలకు ప్లాస్టిక్ కవర్లు అంటించుకుని కూర్చునేవాళ్ళం. ఆ చలికాలంలోనే ఒక మధ్యాహ్నం సాయన్న ఛాతీ పట్టుకుని షెడ్డులో కూలబడ్డాడు. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. విమానాలు ఆగిపోయి ఉన్నాయి. యుద్ధం అయిపోయేదాకా, ఆ తర్వాత కాగితాలు తయారయ్యేదాకా ఆయన మార్చురీలోనే ఉండిపోయాడు. ఆయన సామాను నేనే పెట్టెలో సర్ది ఊరికి పంపాను. రెండు లుంగీలు, రేడియో, కూతురి కోసం కొన్న గాజులు, అడుగున ఆయన డాలీ. ఆ డాలీకి ఒక మూల పెచ్చు ఊడి ఉండేది. అది తగిలినచోటల్లా రేకు లోపలివైపు నెలవంకలాంటి చిన్న గీత పడేది.

ఆ తర్వాత రెండేళ్ళు నేను ఒక్కణ్ణే. పెయింటర్ పాకిస్తాన్ అతను, మెకానిక్కులు బంగ్లాదేశ్ వాళ్ళు. అందరూ మంచివాళ్ళే, కానీ తెలుగు ముక్క వినపడక వారాలు గడిచిపోయేవి. ఊరి నుంచి నా భార్య మాటలు రికార్డు చేసి క్యాసెట్లు పంపేది. నేను వచ్చాక పుట్టిన బిడ్డ వాటిలో "నాయినా" అని పిలిచేది. ఆ బిడ్డను నేను ఒక్కసారి కూడా చూడలేదు. క్యాసెట్ సాగిపోయి గొంతు మారిపోతుందని భయపడి, వారానికి ఒక్కసారే పెట్టుకునేవాణ్ణి.

అప్పుడు ఆ కారు వచ్చింది. అమెరికన్ కారు, రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, గుడ్డ టాపు వెనక్కి మడుచుకుపోతుంది. ఇంజను స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు అదిరేవి. కువైట్‌ను ఆక్రమించినప్పుడు కఫీల్ బంధువు ఒకాయన ఇందులోనే ఎడారి దాటి వచ్చి, ఇక్కడే వదిలేశాడు. దారిలో దేనికో గుద్దుకుని ఎడమవైపు వెనక భాగం నలిగిపోయింది. టాపు మడిచే రకం చాలా తక్కువ తయారయ్యాయట. కంపెనీలోంచి దిగిన రోజు ఎలా ఉందో అలా చేయాలని కఫీల్ పట్టుదల. కొనేవాడు అయస్కాంతం పెట్టి చూస్తాడు కాబట్టి సొట్టలో పుట్టీ నింపి మూయడానికి వీల్లేదు, మొత్తం అసలు రేకే ఉండాలన్నాడు. కారు ఆ పరీక్షకు నిలబడితే ఊరికి పోవడానికి నాకు ఛుట్టీ. లేకపోతే ఇంకో ఏడాది.

ఇంజను, సీట్లు, నికెల్ పని ఒక్కొక్కటే కుదిరాయి. నలిగిన ఆ వెనక రేకు మాత్రం ఎక్కడా కొత్తది దొరకలేదు, ఉన్నదాన్నే సాపు చేయాలి. లోపల టాపు మడుచుకునే గోతి అడ్డం. చెయ్యి భుజం దాకా దూర్చితే గానీ రేకు అందదు. ఒక చెయ్యి అందులో పెట్టి, రెండో చేత్తో బయట సుత్తి కొట్టడం మనిషికి సాధ్యం కాదు. పెయింటర్‌ను బతిమాలి ఒకరోజు డాలీ పట్టించాను. రేకు ఇంకా పాడైంది. మరో డెంటర్‌ను ఇమ్మంటే కఫీల్ లేడన్నాడు.

శుక్రవారం అందరూ బత్హా బజారుకు పోతారు. ఆ శుక్రవారం నేను పోలేదు. మధ్యాహ్నం నమాజు అయిపోయి వీధి ఖాళీగా ఉంది. షట్టర్ లోపలినుంచి వేసుకుని, ఎలాగైనా సొట్ట తీద్దామని బయటినుంచే కొడుతున్నాను. బోలు శబ్దం. ఇంకో ఏడాది ఇక్కడే అనుకున్నాను. విసుగులో, అలవాటు కొద్దీ, "సాయన్నా, జర మీదికి పట్టు" అంటూ కొట్టాను.

ఖంగుమంది.

టార్చి వేసి గోతిలోకి చూశాను. దుమ్ము, ఒక వైరు, అంతే. నా డాలీ బల్ల మీదే ఉంది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ ఖంగుమంది. తర్వాత, నేను కొట్టిన చోటికి జానెడు ముందు, లోపలినుంచి రెండుసార్లు తట్టిన శబ్దం వచ్చింది. కంప్రెషర్ ఆఫ్ చేసి ఉంది. ఎండకు రేకు సాగితే టక్కుమంటుందని నాకు తెలుసు, కానీ కారు నీడలో ఉంది. పిల్లి దూరిందేమోనని కారు కింద పడుకుని కూడా చూశాను.

పారిపోవలసింది. నేను మాత్రం తట్టినచోట కొట్టాను. భయం వేయలేదు, ఏడుపు వచ్చింది. రెండేళ్ళ తర్వాత నాకు ఎదురు పలికేవాడు దొరికాడు. సాయంత్రం దాకా తెలుగులో మాట్లాడుతూనే ఉన్నాను. క్యాసెట్‌లో బిడ్డ ఏమందో, ఊళ్ళో ఎవరి పెళ్ళి అయిందో అన్నీ చెప్పాను. తిరిగి మాటలు రాలేదు. రెండు తట్లు మాత్రమే, ప్రతిసారీ సరిగ్గా ఎక్కడ కావాలో అక్కడ.

మరుసటి రోజు పెయింటర్‌ను పక్కన నిలబెట్టుకుని కొట్టి చూశాను. బోలుగానే ఉంది. నేను ఒంటరిగా ఉన్న శుక్రవారాల్లోనే అది జరిగేది. నాలుగు శుక్రవారాల్లో రేకు అద్దంలా వచ్చింది. రంగు వేయడానికి ముందు చిన్న అద్దం, టార్చి లోపలికి పెట్టి చూశాను. రేకు వెనకవైపు వరుసగా నెలవంక గీతలు, తాజాగా మెరుస్తున్నాయి. నా డాలీ అంచులన్నీ గుండ్రమే.

రంగు, టాపు అన్నీ అయ్యాక కఫీల్ అయస్కాంతానికి గుడ్డ చుట్టి కారంతా తిప్పాడు. ఎక్కడా జారలేదు. అప్పటికప్పుడు పాస్‌పోర్టు, టికెట్ చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రమే విమానం. నేను పరుగెత్తాను. కారు వైపు తిరిగి కూడా చూడలేదు.

ఇంటికి వెళ్ళేసరికి నా బిడ్డ తల్లి కొంగు వెనక దాక్కుంది. మూడోరోజుకు గానీ దగ్గరికి రాలేదు. వారం తర్వాత సాయన్న ఇంటికి వెళ్ళాను. తలుపు కొట్టుకోకుండా వదినె, అంటే సాయన్న భార్య, ఒక ఇనుప దిమ్మను అడ్డం పెట్టింది. సాయన్న డాలీయే అది, మూల పెచ్చు ఊడినది అలాగే ఉంది, పైన తుప్పు పట్టింది. దీన్ని ఎవరైనా ఎక్కడికైనా తీసుకుపోయారా అని అడిగాను.

"పెట్టె ఇప్పిన కాడి సంది ఈడనే ఉన్నది. ఎవలు ముడ్తరు దాన్ని?" అంది. తర్వాత తనే చెప్పింది. "పోయిన కాడి సంది రోజూ కలలకు అచ్చేటోడు తమ్మీ. తిన్నవా అని అడిగేటోడు. రొండు నెలల సంది అస్తలేడు. నేనేం తప్పు జేసిన్నో."

నేను ఆ కారు రేకు మొదలుపెట్టి అప్పటికి రెండు నెలలు. నా చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. రేకు పని అయిపోయిన రోజు గానీ, బయలుదేరిన రోజు గానీ, నేను మూడు దెబ్బలు కొట్టలేదు.

ఛుట్టీ మధ్యలోనే సులైకి తిరిగి వెళ్ళాను. ఇంట్లో ఎందుకో చెప్పలేదు, నా భార్య చాలా రోజులు క్యాసెట్ పంపలేదు. షెడ్డులో ఆ కారు నిలబడిన చోట నూనె మరక ఉంది. కారు దమ్మాం రేవుకు వెళ్ళి ఓడ ఎక్కిందని కఫీల్ అన్నాడు. ఏ దేశమో తనకూ తెలియదన్నాడు. ఆ నేల మీద, గోడ మీద, కనపడిన ప్రతి రేకు మీద మూడేసి కొట్టాను. పెయింటర్ నన్ను వింతగా చూశాడు.

ఇప్పుడు ఆర్మూరులో నాకో చిన్న షెడ్డు ఉంది. జరిగింది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. ఈమధ్యే నా అల్లుడికి చెబితే, ఒంటరితనం వల్ల వినపడి ఉంటుందన్నాడు. అయితే అంత నలిగిన రేకును ఒక్కడే ఎలా సాపు చేశాడో కూడా చెప్పమన్నాను.

వదినె ఇంకా ఉంది. పండక్కి వెళ్ళినప్పుడల్లా అన్న కలలోకి వచ్చాడా అని అడుగుతాను. లేదంటుంది. నేను మూడు కొట్టకుండా వచ్చేశానని ఆమెకు ఇంతవరకు చెప్పలేదు.