పద్మజ నంబరుకి కంప్యూటర్ చెప్పిన వరుడు

గోదావరికి రెండు వైపులా పెళ్లిచూపులకు వెళ్లినవాళ్లు నన్ను తిట్టుకుంటూ వెనక్కి తిరిగొచ్చిన కథ ఇది. చివర్లో నా కొంప కూడా మునుగుతుంది. అందరికన్నా లోతుగా మునిగేది నేనే కాబట్టి మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు.

తొంభైల చివర్లో రాజమండ్రిలో నేను ఫాక్స్‌ప్రో అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. ఆ సర్టిఫికెట్ చేతికి రాగానే దేశమంతా నా కోసం ఎదురు చూస్తోందనిపించింది. ఎదురు చూసింది మాత్రం నారాయణరావు మాస్టారు ఒక్కరే. రిటైరయ్యాక ఆయన దానవాయిపేటలో పెళ్లిసంబంధాల ఆఫీసు పెట్టారు. ఎవరికి ఎవరు సరిపోతారో అన్నీ చేత్తో రాసి చూసుకునేవారు. ఎవరో ఎక్కించి చెప్పడంతో సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొని, దాన్ని నా మొహాన కొట్టారు.

వివరాలు టైపు చేసేది ఆయన మేనకోడలు పద్మజ. తండ్రి లేడు, తోడబుట్టినవాళ్లు లేరు. పెళ్లి చెయ్యాల్సింది మేనమామే. ఆ మేనమామకి అల్లుడి కోసం వెతుక్కునే శ్రమ లేకుండా చేద్దామని నేను లోలోపల ఎప్పుడో నిర్ణయించేసుకున్నాను.

ప్రోగ్రామ్ సంగతి వినండి. ఫైల్లో ప్రతి అమ్మాయికీ ఒక నంబరు, పద్మజకి కూడా. ఆ నంబరు కొడితే చాలు. ఆ అమ్మాయి కులం, గోత్రం, నక్షత్రం, వయసు, ఎత్తు తీసుకుని అబ్బాయిల ఫైల్లో వెతికి, తగిన పేర్లు ప్రింటు కొడుతుంది. ఇలా లోపలికి పంపేవాటిని పారామీటర్లంటారు. ఆ మాట అనేటప్పుడు పద్మజకి వినపడేలా కాస్త గొంతు పెంచేవాణ్ని. కులం ఒకటే కావాలి, గోత్రం ఒకటి కాకూడదు. ఒకే గోత్రమైతే వరసకి అన్నాచెల్లెళ్లు. ఇది మా వైపు ఉగ్గుపాలతో పట్టేస్తారు. నేనేం చేశానంటే, కులం లైను రాసి, దాన్నే కింద కాపీ చేసి, కులం అన్నచోట గోత్రం అని మార్చాను. మధ్యలో ఉన్న సమానం గుర్తుని మాత్రం అలాగే వదిలేశాను.

పరీక్షించాలి కదా! అబ్బాయిల ఫైల్లో గుట్టుచప్పుడు కాకుండా నా వివరాలు ఎక్కించి, పద్మజ నంబరు కొట్టాను. ప్రింటర్ కీచుమంటూ మొట్టమొదట కొట్టిన పేరు నాదే!

“ఏంటండీ మూర్తిగారూ, ఇందులో మీ పేరుంది?”

“నాకేం తెలుసండీ, కంప్యూటర్ చెప్పింది.”

“అయితే దానికీ కళ్లున్నాయన్నమాట,” అని నవ్వి, ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టేసుకుంది. మర్నాటి నుంచి నా టీలో పంచదార ఎక్కువైంది.

ఇంకో నంబరు కొట్టి చూస్తే నా సొమ్మేం పోయేది చెప్పండి? “బ్రహ్మాండంగా పనిచేస్తోందండీ మాస్టారూ!” అని చెప్పేశాను. లిస్టులు ఊళ్లకి వెళ్లిపోయాయి.

ముందుగా అమలాపురం నుంచి ఒక పెద్దాయన ఊడిపడ్డాడు.

“ఏవండీ మాస్టారూ, మీ కాగితం పట్టుకుని కారు మాట్లాడుకుని పాలకొల్లు వెళ్లామండి. కాఫీలయ్యాయి. అమ్మాయి నచ్చింది. మావాడు నవ్వాడండి! వాడు నవ్వడమంటే మా ఇంట్లో పండగండి! తాంబూలాలు పుచ్చుకుందామనేసరికి పంతులుగారు గోత్రాలడిగారు. రెండూ ఒకటే!”

“అయ్యయ్యో! ఏదో పొరపాటు జరిగిందండి...”

“పొరపాటేంటండీ! చెల్లెల్ని చూపించి తాళి కట్టమంటారా? మీ చేత్తో రాసినన్నాళ్లూ ఇలా జరిగిందా?”

మాస్టారు నా వైపు చూశారు. “వోల్టేజీ సరిగ్గా లేదండి,” అన్నాను. తర్వాత తణుకు వాళ్లొస్తే వైరస్ అన్నాను. నిడదవోలు వాళ్లొచ్చేసరికి దుమ్ము దాకా దిగజారాను. నా పేరుని పద్మజ పక్కన నిలబెట్టిన ప్రోగ్రామ్‌లో తప్పుంటుందని ఎలా అనుకుంటాను?

“ఒరే మూర్తీ,” అన్నారు మాస్టారు. తిట్టినా బాగుండేది, మెల్లగా అన్నారు. “జీవితమంతా పాఠాలు చెప్పి సంపాదించుకున్న పేరురా ఇది. బాగుచెయ్యలేకపోతే చెప్పెయ్యి, బోర్డు దింపేస్తాను. ఊరి పిల్లలకి అన్నాచెల్లెళ్లని అంటగట్టినవాణ్ని, రేపు పద్మజకి సంబంధం తెస్తే ఎవరు నమ్ముతారు?”

సిగ్గేసింది. లోపలికి ఏ పారామీటర్ ఏ విలువతో వెళ్తోందో స్క్రీన్ మీద చూపించమని మధ్యలో ఒక లైను పెట్టాను. తెలివున్నవాడు మొదటి రోజే చేసే పని అది. పరీక్షకి ఏ నంబరు కొట్టానంటారా? ఇంకేం కొడతాను, నా మొహం!

వయసు సరిగ్గానే వెళ్లింది. ఎత్తూ సరిగ్గానే వెళ్లింది. గోత్రం: కాశ్యప. కింద వరుడి వరుసలో నా పేరు.

నా గోత్రమేంటో నాకు ఇంకొకరు చెప్పాలా? కాశ్యపే.

ఆ లైను ఇంకోసారి చదివాను. తప్పు చేసింది కాబట్టే ప్రోగ్రామ్ నన్ను ఎంచుకుంది. ఈ ఒక్క నంబరుకి మాత్రం గోత్రం చూడొద్దని ఒక లైను రాసేస్తే? వేళ్లు కీబోర్డు మీదకి వెళ్లాయి కూడా. పక్క గదిలో మాస్టారు అమలాపురానికి ఫోన్ చేసి, “క్షమించండి, పెద్దవాణ్ని, మీ కాళ్లు పట్టుకుంటాను,” అంటున్నారు. పళ్లు బిగబట్టి గుర్తు మార్చేశాను. గొప్ప పని చేశానని అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఏడుపొచ్చింది, అంతే.

మాస్టారు వచ్చి, “అయిందా? ఏదీ, మన పద్మజ నంబరే కొట్టు,” అన్నారు.

ప్రింటర్ కీచుమంది. మొదటి పేరు రావులపాలెం అరటిగెలల వ్యాపారి కొడుకుది. పద్మజ కాగితం పై నుంచి కింద దాకా చదివింది. మళ్లీ మొదటి పేరుకి వచ్చింది.

“మూర్తిగారూ, మరి ఆ రోజు లిస్టు?”

“తప్పండి. మనది ఒకే గోత్రం.”

“ముందే చూసుకోవాలి కదండీ,” అంది. బ్యాగులోంచి పాత కాగితం తీసి నా చేతిలో పెట్టేసింది. ఆ మర్నాడు టీలో పంచదారే లేదు.

రావులపాలెం సంబంధమే కుదిరింది. నా ప్రోగ్రామ్ సక్రమంగా కుదిర్చిన మొదటి పెళ్లి అదే! మంటపంలో హోమం దగ్గర పంతులుగారు, “పెళ్లికూతురి అన్నదమ్ములెవరండీ? రావాలి, దోసిట్లో పేలాలు పొయ్యాలి,” అని కేకేశారు. “అమ్మాయికి అన్నా లేడు, తమ్ముడూ లేడండీ,” అన్నారెవరో చుట్టాల్లోంచి.

“ఎందుకు లేడండీ? మా మూర్తి ఉన్నాడు కదా!” అన్నారు మాస్టారు సంబరంగా. “ఒకే గోత్రం. కంప్యూటరే చెప్పింది!”

పోశాను. ఆమె దోసిట్లో పేలాలు పోశాను. తొందరగా కానిచ్చేద్దామని గుమ్మరించేసరికి సగం కింద పడ్డాయి.

“మెల్లగా పొయ్యి అన్నయ్యా,” అంది పద్మజ, తలెత్తకుండా. ఆ ‘మీరు’ పోయి ‘నువ్వు’ అయిందే, నాకు దక్కిందల్లా అదే.

ఆ హోమం సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. నాకు నచ్చిన జవాబు ఇచ్చిన ప్రోగ్రామ్‌ని ఇక ఈ జన్మలో నమ్మను. రావులపాలెం నుంచి అన్నయ్యగారికని ఏటా అరటిగెల వస్తుంది. మా ఇంట్లో అందరూ లొట్టలేసుకుంటూ తింటారు. నేను ముట్టను.