కరుణమ్మ పిన్ని రాయించిన లిస్టు

మొన్న వానలో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే, రేషన్ డిపో ముందు లారీలోంచి బియ్యం బస్తాలు దించుతున్నారు. తడిసిన గోనె వాసన గుప్పుమని ముక్కుకు తగిలింది. గొడుగు కింద అలాగే నిలబడిపోయాను. పక్కనున్న ముసలాయన "ఏటమ్మా, కళ్లు గాని తిరగతన్నాయేటి?" అని అడిగితే గానీ తేరుకోలేదు. కళ్లు తిరగలేదు. కరుణమ్మ పిన్ని గుర్తొచ్చింది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ ఫొటో ఏ పేపర్లోనూ పడలేదు, పేరు ఏ రాతిమీదా చెక్కలేదు. ఇది చదివే వాళ్లెవరూ ఆవిడను చూసి ఉండరు. అందుకే రాయాలనిపించింది. ఈ నాలుగు ముక్కలు రాయడం నాకు నేర్పింది కూడా ఆవిడే.

తొంభైల మొదట్లో పెళ్లయి భీమునిపట్నం నుంచి విశాఖపట్నం వచ్చాను. చేపలరేవు వెనక వీధిలో మా అత్తవారిల్లు. మా ఆయన అప్పన్న మరబోటు మీద వేటకెళ్లేవాడు. బోటెక్కితే పది రోజులు సముద్రం మీదే. ఇంట్లో నేనూ మా అత్తా. మా గోడకూ కరుణమ్మ పిన్ని గోడకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత సందు. ఆవిడ భర్త పోర్టులో కళాసీగా చేసి, జబ్బుపడి నేను రాకముందే పోయాడు. పిల్లలు లేరు. ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా పనిచేసేది. వీధిలో పన్నెండు కుటుంబాల వాళ్లు క్రైస్తవులు, మిగతా అందరం అమ్మవారిని కొలిచే వేటవాళ్లం. ఆ పన్నెండు కుటుంబాలకూ గుడి లేదు, పాస్టరు లేడు. పిన్ని ఇంటి ముందు టార్పాలిన్ పంచలో చాపలు పరుచుకుని ఆదివారం కూర్చునేవారు. ముందుండి నడిపించేది పిన్నే.

తెల్లారగట్ల ఆవిడ చేసే ప్రార్థన గోడలోంచి నాకు వినిపించేది. కళ్లెదుట ఉన్న మనిషితో మాట్లాడినట్టు, గట్టిగా, తొందరలేకుండా మాట్లాడేది. సముద్రం మీదున్న బోట్లను పేరుపేరునా అప్పగించేది. మూలింట్లో నెలలు నిండిన పిల్లను చల్లగా చూడమనేది. మా అత్త మోకాళ్ల నొప్పి తగ్గించమనేది. చివర్లో ఎప్పుడూ ఒకటే మాట, "ఈ దేశాన్ని దీవించు తండ్రీ" అని. కొత్తలో నాకు నవ్వొచ్చేది. ఒకరోజు కుళాయి దగ్గర అడిగేశాను.

"పిన్నీ, మా అత్త మోకాల్ల గురించి అడిగినావు, బాగుంది. దేశం గొడవ నీకేల? మనింట రేపటికి బియ్యం లేవు."

పిన్ని బిందె కింద పెట్టింది. "దేశమంటే ఏటనుకున్నావే రత్నం? ఢిల్లీలో ఉన్నోలేనా? ఈ కుళాయికాడ బిందెలట్టుకుని నిలబడ్డోలు కాదేటి? మీ అత్త మోకాల్లు కూడా దేశమేనే. ఆటి నొప్పి తగ్గితే దేశానికి అంత మేలు."

వెనకున్న ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. అప్పటిదాకా దేశమంటే నాకు బడిపిల్లలు మోసే జెండా, అంతే.

ఆవిడ నమ్మకం చేతులు కట్టుక్కూర్చునేది కాదు. ఇంట్లో గింజ లేని రోజున ప్రార్థన చేసి, లేచి, కొంగు దోపుకుని పనికి బయల్దేరేది. "ఆహారం ఇమ్మని అడిగీసి గుమ్మంలో కూకుంటే ఎసరు మరగదే" అనేది. ఒకసారి జ్వరంతో పనికి వెళ్లలేకపోయింది. మా ఆయన వేట నుంచి తెచ్చిన చేపల్లో రెండు పులుసు పెట్టి, అన్నంతో పాటు తీసుకెళ్లాను. పిన్ని పళ్లెం చూసి కళ్లు మూసుకుని, దేవుడికి వందనాలు చెప్పింది. నాకు చిన్నతనంగా అనిపించింది.

"తెచ్చింది నాను, వందనాలు ఆయనకా?" అన్నాను.

"తెచ్చిందానివి నువ్వే. పక్కింట పొయ్యి ఎలగలేదని నీకు తోపించిందెవులు?" అంది. ఒక్క క్షణం ఆగి, "సరేలే, నీకూ వందనాలు. పులుసులో ఉప్పు తక్కువైనాది" అంది. జ్వరంలోనూ ఆ నవ్వు తగ్గలేదు.

పిన్ని చిన్నప్పుడు హాస్టల్లో ఉండి ఎనిమిది దాకా చదివింది. నాకు అక్షరం ముక్క రాదు. నర్సింగ్ హోమ్ నుంచి పాత పేపర్లు తెచ్చి, పెద్దక్షరాల మీద నా వేలు పెట్టించి నేర్పడం మొదలుపెట్టింది. మా అత్తకు అది గిట్టలేదు. "అచ్చరాలని సెప్పి మెల్లగా మతంలో కలిపీసుకుంటాది. అమ్మోరికి కోపమొత్తే ఆడు సముద్రం మీదున్నాడు, గుర్తెట్టుకో" అని నన్ను భయపెట్టింది. ఆ మాట చెవినబడి పిన్ని నేరుగా మా గుమ్మంలోకి వచ్చింది. "వదినా, అచ్చరానికి మతం లేదు. అమ్మోరి గుడికాడ బోర్డుంది గదా, ఇన్నేళ్లుగా దానిమీద ఏటుందో నీకు తెలుసా? నీ కోడలు సదివి సెప్తాది, సూడు" అంది. అన్నట్టే నేను కూడబలుక్కుని పూర్తిగా చదివిన మొదటి రాత ఆ బోర్డే. నేను చదువుతుంటే మా అత్త చేతులు జోడించి వింది. మర్నాడు తనే కొత్త బలపం తెచ్చి నా ముందు పెట్టింది.

కొన్నేళ్లకు తుపాను వచ్చింది. మా వీధిలో సగం ఇళ్లకు రేకులు ఎగిరిపోయాయి. రేవులో బోట్లు ఒకదానికొకటి కొట్టుకుని పగిలాయి. వారాల తరబడి వేట లేదు. పోర్టులో కూలిపనీ దొరకలేదు. ఒకపూట గంజి తాగి పిల్లల్ని పడుకోబెట్టిన ఇళ్లే ఎక్కువ. అలాంటప్పుడు ఒక బోధకుడు లారీ నిండా బియ్యంతో వచ్చాడు. చదువుకున్నవాడు, వయసులో చిన్నవాడు, మాట మెత్తన. పిన్ని పంచలో నిలబడి, దేశానికి దీవెన రావాలంటే ముందు విశ్వాసులు నిలబడాలని, దేవుడు తనవాళ్లకు తప్పక సమకూరుస్తాడని చెప్పాడు. ప్రార్థనకు వచ్చే వాళ్ల పేర్లు రాసి ఇస్తే, వాళ్లకు ఇంటికో బస్తా అన్నాడు. కొత్తగా ఎవరైనా తమలో చేరతామంటే వాళ్ల పేర్లూ రాయమన్నాడు.

పిన్నికి అప్పటికే చూపు మందగించింది. కాగితం నా చేతికిచ్చి, "మూలింటి ఎల్లాజీతో మొదలెట్టు" అంది.

"ఎల్లాజీ మీవోడు కాడు గదా పిన్నీ?"

"నిన్న ఆడింట పొయ్యి ఎలిగిందా?"

"లేదు."

"అయితే రాయి."

అలా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా రాయించింది. మా అత్త పేరు కాగితం మీద పెట్టడం నాకదే మొదటిసారి. అక్షరాలు వంకరగా వచ్చాయి. రాయడం వచ్చినందుకు అంత గర్వపడిన రోజు నాకు మరొకటి లేదు.

బోధకుడు ఆ కాగితం చూసి తలెత్తాడు. "అమ్మా, వీళ్లలో చాలామంది మనవాళ్లు కాదు. ఇలా పంచితే మా పెద్దలకు నేనేం జవాబు చెప్పుకోవాలి?"

పిన్ని గొంతు పెంచలేదు. "అయ్యగారూ, ప్రబువు పచ్చికలో జనాన్ని కూకోబెట్టి రొట్టెలు పంచినాడని మీరే గదా సెప్తారు. ఆ దినం కూకున్నోల పేర్లు ఎవులు రాసుకున్నారు? ఆకలికి ఓర్సుకోలేక ఒకడు మీలో సేరతానని సెయ్యెత్తితే, అది ఇస్వాసమా? మీ పెద్దలకి మీరు జవాబు సెప్పుకోండి. అందరికన్నా పైనున్నోడికి నాను సెప్పుకోవాల."

ఆయన కాగితం తిరిగి ఇచ్చేసి, తన చేతుల్లో లేదని, పన్నెండు కుటుంబాలకు మాత్రమే దించగలనని అన్నాడు. అప్పుడు లేచాడు దానియేలు. పోర్టులో మూటలు మోసేవాడు, ముగ్గురు పిల్లలు. "పిన్నీ, నీ మాట తప్పని నాను అన్ను. గానీ మా గుంటలు తిని రెండు దినాలైనాది. వచ్చిన కాడికి పట్టుకోనీ" అన్నాడు. కళ్లలో నీళ్లు.

ఆవిడ గట్టిగా నిలబడితే ఆ పన్నెండు కుటుంబాలూ పస్తుండేవి. అది ఆవిడకు తెలుసు. దానియేలు భుజం మీద చెయ్యి వేసింది. "తీసుకో నాయనా, నీ తప్పేటీ లేదు. నా పేరొక్కటీ కొట్టీమను" అని, పంచ దిగి ఇంట్లోకి వెళ్లిపోయింది. వాన మొదలైంది. తడుస్తూనే పదకొండు బస్తాలు దించారు. మిగతా బియ్యంతో లారీ వెళ్లిపోయింది. నేను పిన్ని దగ్గరికి వెళ్తే మంచమ్మీద కూర్చుని ఏడుస్తోంది. ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదటిసారి. "నాను సేసింది మంచో సెడ్డో తెలవట్లేదే రత్నం" అంది. పక్కన కూర్చున్నాను.

కాసేపటికి గుమ్మంలో ధబ్బుమని చప్పుడైంది. దానియేలు తన తడిసిన బస్తా తెచ్చి దించాడు. "ఇది ఇంటికాడ పెట్టుకుంటే నాకు ముద్ద దిగదు పిన్నీ. పొయ్యి ఎక్కడెడదాం?" అన్నాడు. అతని వెనక మరొకరు, మరొకరు. పదకొండు బస్తాలూ ఆ టార్పాలిన్ కిందికే వచ్చాయి. విరిగిన దూలాలు చీల్చి కట్టెలు చేశారు. వేటవాళ్ల ఇళ్ల నుంచి ఎండుచేపలు, చింతపండు వచ్చాయి. అంత వంటకు గిన్నె ఎక్కడిదని అందరూ చూస్తుంటే, మా అత్త మోకాళ్లు ఈడ్చుకుంటూ, మా ఆయన చేత అమ్మవారి పండగలో వండే పెద్ద డేగిసా మోయించుకుని వచ్చింది.

"అమ్మోరి డేగిసాలో వొండితే మీ దేవుడికేటైనా అబ్బెంతరమా?" అంది.

పిన్ని కళ్లు తుడుచుకుంది. "ఆకలికి అబ్బెంతరం లేదు వదినా. నువ్వే ఎసరెట్టు."

మళ్లీ బోట్లు కదిలేదాకా ఆ పొయ్యి ఆరలేదు. వీధంతా ఒకే వరసలో కూర్చుని తిన్నాం. నాలుగో రోజు ఆ బోధకుడు లారీ లేకుండా ఒక్కడే వచ్చాడు. ఎవరూ ఆయన్ను ఒక మాట అనలేదు. దానియేలు పక్కకు జరిగి చోటిచ్చాడు, మా అత్త వడ్డించింది. తిన్నాక ఆయన, "ఆ లిస్టు ఉందా అమ్మా?" అని పిన్నిని అడిగాడు. నా వంకర అక్షరాల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కొద్దిరోజులకు ఇంటింటికీ పైకప్పు రేకులొచ్చాయి. ఈసారి ఎవరూ ఎవరి దేవుడి పేరూ అడగలేదు.

పిన్ని ఊరుకోకపోవడం వల్లే నేను ప్రైవేటుగా పదో తరగతి కట్టాను. ఒకసారి తప్పాను, రెండోసారి గట్టెక్కాను. ఆ తర్వాత అంగన్‌వాడీలో ఉద్యోగం వచ్చింది. ఆ కబురు చెప్పిన రోజున ఆవిడ వీధంతా తిరిగి, "మా రత్నం టీచరైపోనాది" అని చెప్పుకుంది. ఎవరినీ ఏనాడూ ఇంత పెట్టమని అడగని మనిషి ఆ రోజు మాత్రం నా చేత స్వీటు పెట్టించుకుని తింది.

ఆవిడ పోయిన రోజు మా వీధి నుంచి ఒక్క బోటూ వేటకు వెళ్లలేదు. పెట్టెకు ఒకపక్క దానియేలు, మరోపక్క మా ఆయన భుజం పట్టారు. శ్మశానంలో ఎవరో కొత్తవాడు, "ఈవిడ పిల్లలు ఎవరు?" అని అడిగితే మా అత్త వెనక్కి తిరిగి వచ్చిన జనాన్నంతా చూపించింది. నేనిప్పటికీ అమ్మవారికే దణ్ణం పెడతాను. పిన్ని నన్ను మారమని ఏనాడూ అడగలేదు. కానీ ఆవిడ దగ్గర నేర్చుకున్నదాన్ని మాత్రం అమ్మవారి ఎదుటైనా దాచుకోను.

కిందటి నెల, మా సెంటర్ దగ్గర కట్టే పెద్ద భవనంలో పనికి ఒడిశా నుంచి వచ్చిన ఒకామె, చంకలో పాపతో గేటు బయట నిలబడింది. ఆమె పేరు మా రిజిస్టర్లో లేదు, చేతిలో ఏ కార్డూ లేదు. వచ్చీరాని తెలుగులో, "ఏం కాగితం తేవాలి అమ్మా?" అని అడిగింది. కాగితాలు రాయించడం నా పని, అది నేను చూసుకుంటాను.

"ముందు లోపలికి రా తల్లీ, అన్నం సల్లారిపోతన్నాది" అన్నాను.